పన్నెండో నాటి పాట

తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం మసి పూసేదాకా కంటికి ఆనదు. ఈ సంగతి తాళపత్రాలు చదివే ప్రతివాడికీ తెలుసు. తెలిసి కూడా ఆ కట్ట అడుగున ఉన్న చివరి ఆకును మూడు తరాల వాళ్ళు ఉత్త ఆకనుకొని వదిలేశారు. కట్టకు దెబ్బ తగలకుండా అడుగున ఒక ఖాళీ ఆకు వేయడం వాడుకే కదా, ఇదీ అంతే అనుకొన్నారు.

గురువు లోకనాథ దేశికర్ పోయిన ఏడాదికి చెంగల్రాయుడు ఆయన పెట్టె తెరిచి, పురుగు పట్టకుండా ఆకులకు నూనె రాస్తున్నాడు. పక్కన బావమరిది తణికాచలం దీపపు మసి నూరి అందిస్తున్నాడు. మసి చేయి పొరపాటున ఆ చివరి ఆకుకు తగిలింది. తుడవబోయిన చెంగల్రాయుడి వేలి కింద నల్లగా ఒక అక్షరం లేచింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే ఆకు నిండా పాత తమిళ లిపి పరుచుకొంది.

ఆ కట్ట ఏమిటో ముందు చెప్పాలి. ఎనిమిది వందల ఏళ్ళ కిందట కూడలూరు నంబి అనే కవి రాసిన 'తిరునడై', అంటే పవిత్రమైన నడక, అది. భక్తుడొకడు కాశీకి నడుస్తుంటే, వాడికి తెలియకుండా శివుడు వాడి వెనకాలే ముళ్ళలో, బురదలో నడిచే కథ. పన్నెండు కాండల్లో పదకొండే మిగిలాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి, గుడిలో తమిళం పాడుకొనే నగరి సరిహద్దు ఊళ్ళలో ఏటా తమిళుల పంగుని నెలలో పదకొండు రోజులు దాన్ని పాడతారు. పన్నెండో రోజు జనం వస్తారు, దీపం పెడతారు, పీట మీద ఖాళీ తాటాకు ఒకటి ఉంచుతారు, కాసేపు మౌనంగా కూర్చొని లేచిపోతారు. ఆ భక్తుడు చివరికి వెనుదిరిగి చూశాడో లేదో ఎవరికీ తెలియదు. అరవై ఏళ్ళు పాడిన దేశికర్ ప్రాణం పోయేముందు చెంగల్రాయుడి చేయి పట్టుకొని, "వాడు తిరిగి చూసినాడా రా?" అని అడిగి కన్ను మూశారు. ఆ ప్రశ్నకు జవాబు తేకుండా తాను కూడా పోతానేమోనన్న బెంగ శిష్యుడికి తిండి సయించనివ్వలేదు.

ఇప్పుడు ఆ జవాబు వేలి కింద ఉంది. "రాజు తన పొగడ్తను పన్నెండో కాండలో పెట్టమన్నాడు. నంబి పెట్టలేదు. రాజిచ్చిన బంగారు రేకుల మీదే శివుడి పాట రాసుకొని ఉత్తరానికి నడిచాడు. పరుప్పదం నుదుటి కంట దాచాడు." ఇంతే ఉంది ఆకులో. పరుప్పదం అంటే శ్రీశైలం.

"ఉండాది రా తణికా! పన్నెండోది ఉండాది!" అని చెంగల్రాయుడు మసి చేతులతోనే కళ్ళు తుడుచుకొన్నాడు.

"బంగారు రేకులా బావా?" అన్నాడు తణికాచలం.

ఒకే ఆకులో ఇద్దరికీ రెండు వేరు మాటలు కనిపించాయి. ఆ తేడా అప్పుడే పసిగట్టి ఉంటే ఇంత కథ నడిచేది కాదు. కానీ చెంగల్రాయుడికి ఆ రోజు ఒళ్ళు తెలియలేదు. పైగా తణికాచలాన్ని అనుమానించడమన్న ఊహే ఆ ఇంట్లో ఎవరికీ లేదు. తల్లి పోయిన నాలుగేళ్ళ తమ్ముణ్ణి చంకన వేసుకొనే వాడి అక్క మునెమ్మ చెంగల్రాయుడి కాపురానికి వచ్చింది. అన్నం ఆమె పెట్టింది, అక్షరం ఆయన పెట్టాడు. ఇరవై ఏళ్ళుగా వాడు బావ వెనక కూర్చొని వంతపాట పాడుతున్నాడు. సొంతంగా ఒక నాటకాల కంపెనీ పెట్టాలని, బోర్డు మీద తన పేరే ఉండాలని వాడికి కోరిక. దాన్ని బావ ఒక్కనాడూ చెవిన వేసుకోలేదు. ఈ తప్పు మాత్రం చెంగల్రాయుడిదే, ఒప్పుకోవాలి.

శ్రీశైలానికి ఇంకా బస్సు రాని రోజులవి. ఆత్మకూరు దాకా ఎద్దుల బండిలో వెళ్ళి, అక్కడి నుంచి బావా బావమరుదులు నల్లమలలోకి నడిచారు. చెంచుల పెంటలో, అంటే వాళ్ళ గూడెంలో, ఈదన్న అనే తేనె దించే మనిషి దొరికాడు. ఎండిన కట్టెలా ఉన్న మనిషి, భుజాన విల్లు, మొలలో కత్తి. ఎక్కడికని అడిగితే చెంగల్రాయుడు కావ్యంలోని అయిదో కాండ ఎత్తుకొని, తెలుగులో అర్థం చెప్పాడు. అందులో నంబి ఒక కొండను శివుడి ఒంటిగా వర్ణించాడు. దేవుణ్ణి వర్ణించేటప్పుడు పాదాలతో మొదలుపెట్టి తల దాకా వెళ్ళాలి. మనిషినైతే తలతో మొదలుపెట్టొచ్చు. అది కవుల మర్యాద. పాదాల దగ్గర జలపాతం, మోకాళ్ళ చోట జంట గుండ్లు, గొంతు చోట నల్లటి చార, నుదుట కన్ను.

ఈదన్న తల ఊపాడు. "నల్ల చారంటే తేనెపట్ల కొండే సామీ. కన్నంటే ఆ పైన గుహ. దాంట్లోకి మావోళ్ళు గూడా దిగరు. పైనుంచి తాడేసుకొని దిగాల."

మూడు రోజులు నడిచారు. వెదురు పొదలు దారి మూసేసిన చోట ఈదన్న కత్తితో నరుకుతూ ముందు నడిచాడు. ముళ్ళు పిక్కలను కోశాయి. జలపాతం చేరగానే చెంగల్రాయుడు ఆ నీళ్ళను కళ్ళకద్దుకొని, చెప్పులు విప్పి చేతబట్టుకొన్నాడు. దేవుడి ఒంటి మీద చెప్పులతో ఎలా నడుస్తాడు? జంట గుండ్ల సందులో దూరబోతుండగా లోపలి నుంచి గుర్రుమని ఒక ఎలుగుబంటి లేచి రెండు కాళ్ళ మీద నిలబడింది.

"పడుకో బావా! నేలకు పడుకో!" అని అరుస్తూ తణికాచలం ముందుకు దూకాడు. చేతిలోని కంచు తాళాలను దాని మొహం ముందు ఠంగుఠంగుమని వాయించాడు. ఆ మోతకు ఎలుగు బెదిరి, ఒక్క క్షణం తల అటూ ఇటూ తిప్పి, పొదల్లోకి పరుగెత్తింది. వాడి మోచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది.

"నీకేమన్నా అయ్యుంటే మీ అక్కకు నా మొగమెట్ల చూపించేది రా!" అని చెంగల్రాయుడు వాణ్ణి కావలించుకొన్నాడు.

"నువ్వు లేకుంటే దారి చెప్పేదెవరు బావా?" అని వాడు నవ్వాడు. నిజమే చెప్పాడు మహానుభావుడు.

మూడో రోజు పొద్దెక్కేసరికి కొండ తల మీద నిలబడ్డారు. కింద అడవి, అడవి చివర సన్నగా కృష్ణ. అంచు నుంచి తొంగి చూస్తే నలభై మూరల కింద గుహ నోరు, దాని చుట్టూ ఎద్దు డొక్కంతేసి తేనెపట్లు. ఈదన్న అడవి తీగలతో పేనిన తాడును ఒక మద్దిచెట్టుకు చుట్టి ముడివేశాడు. పొగ పెట్టి ఈగలను తోలాడు. తర్వాత తాడు కొసను తణికాచలం చేతిలో పెట్టాడు.

"ఈయనే పట్టాల. మాలో తేనెకు దిగేటోని తాడు పెండ్లాం తమ్ముడే పడతాడు. అన్నకియ్యం, కొడుక్కియ్యం. బామ్మర్దికైతే అక్క బతుకు ఆ తాడుకే యేలాడతా ఉంటాది గదా. ఇంకోడు దాని దగ్గరికి పోగూడదు, ముట్టగూడదు."

చెంగల్రాయుడికి ఆ మాట ఎంతో నచ్చింది. ఇంత చక్కటి కట్టుబాటు చదువుకొన్న మనకు లేదే అనుకొన్నాడు. ఈదన్న ఆచారం ప్రకారం పక్కకు తప్పుకొని, తాగడానికి నీళ్ళు తేవాలని కొండ దిగువనున్న ఊట వైపు వెళ్ళిపోయాడు. చెంగల్రాయుడు నడుముకు తాడు బిగించి, చేతిసంచి, అందులోని చత్వారం అద్దాలు పైనే వదిలి, శివనామం చెప్పుకొంటూ అంచు దాటాడు.

దిగడం నరకంగా ఉంది. రాయి మోకాళ్ళను గీకింది, మిగిలిన ఈగలు మెడ మీద కుట్టాయి. "ఇంకొంచెం వదులు! ఇంకొంచెం! చాలు!" కాళ్ళు గుహ నోట్లో ఆనాయి. నడుము తాడు విప్పి, వంగి లోపలికి వెళ్ళాడు. పది అడుగుల లోపల రాతి గూడు, గూట్లో మూత బిగించిన రాగి పెట్టె. మూత తీస్తే వేళ్ళకు చల్లగా, పలుచగా రేకులు తగిలాయి. వేలి కొసతో తడిమి చూస్తే గీతలు, అక్షరాలు. వెలుతురులోకి తెచ్చి చూస్తే పచ్చటి మెరుపులో అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. అద్దాలు లేవు కదా! ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత పాట ఒళ్ళోకి వస్తే చదవలేని కళ్ళు తనవి.

"బావా! దొరికిందా?"

"దొరికింది రా! రేకులు, పన్నెండు!"

"బుట్టలో పెట్టి పంపీ! ముందు అది పైకొస్తే నిన్ను లాగేదానికి రెండు చేతులూ ఉంటాయి!"

సన్న తాడుకు కట్టిన తేనెబుట్ట దిగింది. చెంగల్రాయుడు పెట్టెను కళ్ళకద్దుకొని అందులో పెట్టాడు. బుట్ట ఊగుతూ పైకి పోయింది. ఆగలేక గొంతెత్తి అరిచాడు. "తణికా! ఒక్క పద్యం చదవరా! ఒక్కటి విని పైకొస్తా!"

పైన పెట్టె మూత తీసిన చప్పుడైంది. తర్వాత తణికాచలం గొంతు వినిపించింది.

చదవలేదు, పాడాడు. ఇరవై ఏళ్ళు వంత పాడిన గొంతు మొదటిసారి ముందు పాట అందుకొంది. ఎంత బాగా పాడాడు! రెండో వరుసలో కావాలని ఒక చిన్న ఆగుడు ఆగి, మూడో వరుస మీదికి జారాడు. అలా పాడొచ్చని చెంగల్రాయుడికి తోచనే లేదు. ఒకటి అయ్యాక ఇంకొకటి. రేకుకు రెండేసి చొప్పున ఇరవై నాలుగు పద్యాలు. ఒక్కోదాన్నీ రెండుసార్లు పాడాడు, కింద నుంచి చెంగల్రాయుడు తిరిగి అప్పజెప్పాడు. చిన్నప్పుడు వాడికి తను పాఠం చెప్పిన పద్ధతే, ఇప్పుడు తలకిందులుగా. కన్నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. భక్తుడు తిరిగి చూశాడు! చూసి, "ఇన్నాళ్ళూ ఒక్కసారైనా ఎందుకు పిలవలేదయ్యా?" అని అడిగాడు. "పిలిస్తే ఆగిపోతావని," అన్నాడు శివుడు. ఆ పద్యం దగ్గర పై నుంచి వచ్చే గొంతు వణికింది.

అంతటితో కాండ అయిపోయింది. చెంగల్రాయుడు కళ్ళు మూసుకొని చేతులు జోడించి నిలబడ్డాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా తాడు సర్రున జారి కిందికి పోతోంది.

"తణికా! తాడు జారింది రా! నువ్వు అంచుకు రావద్దు, పడిపోతావు! ఈదన్నను పిలువు!"

"జారలేదు బావా. నేనే కోసినా."

చెంగల్రాయుడికి మాట అర్థమైంది, మనసుకు ఎక్కలేదు. "ఏందిరా నువ్వనేది?"

"నువ్వడిగింది నీకిచ్చేసినా. నాకు కావల్సింది నేను తీస్కపోతా ఉండా. ఈ రేకులు నీ చేతికొస్తే గుళ్ళో పెట్టి పూజ చేస్తావు. నేను మళ్ళా నీ వెనకాలే కూర్చోని తాళమెయ్యాల. నా వల్ల కాదు." వెళ్ళబోతూ, "అక్కకు నేనే చెప్తాలే," అన్నాడు.

"ఒరే తణికా! ఒరేయ్!"

అడుగుల చప్పుడు దూరమైంది. చెంగల్రాయుడు గుహ నోట్లో కూలబడ్డాడు. ఏడుపు రాలేదు. నాలుగేళ్ళప్పుడు వాడికి జ్వరం వస్తే వైద్యుడి ఇంటికి రాత్రంతా మోసుకుపోయిన భుజం ఇప్పుడు ఎందుకో నొప్పి పెట్టింది. నమ్మినవాడు చంపడం ఒక ఎత్తు. పాట చెప్పి మరీ చంపడం ఇంకో ఎత్తు. ఆ వణికిన గొంతును భక్తి అనుకొన్నానే అని తన మీద తనకే అసహ్యం వేసింది.

కాసేపటికి ఒక సంగతి తట్టింది. వాడు రేకులను కరిగిస్తాడు. కరిగిస్తే పన్నెండో కాండ ఈ లోకంలో ఉండేది తన బుర్రలోనే. తను ఇక్కడ ఎండిపోతే పాట కూడా ఎండిపోతుంది. చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు.

గుహ లోపలి నుంచి చల్లటి గాలి వస్తోంది, దానితో పాటు నీటి చప్పుడు. అయిదో కాండలోని గొంతు పద్యం గుర్తుకొచ్చింది. 'విషం దాచిన గొంతులోనే గంగ కూడా దాగి పాదాలు కడుగుతోంది' అని ఉంటుంది అందులో. గంగ ఉండాల్సింది తల మీద కదా, గొంతులో ఏం పని అని పండితులు తరాల తరబడి వ్యాఖ్యానాలు చెప్పుకొన్నారు. నంబి చమత్కారమేమీ చేయలేదు, చూసింది చూసినట్టు రాశాడు. ఈ కొండ లోపల నీళ్ళున్నాయి. అవి వెళ్ళి జలపాతంలో పడుతున్నాయి.

చీకట్లో చేతులతో తడుముకొంటూ పాకాడు. సొరంగం ఇరుకై ఛాతీని నొక్కింది. గబ్బిలాలు మొహానికి కొట్టుకొన్నాయి. ఒక్కో అడుగుకూ ఒక్కో పద్యం పైకి పాడుతూ దిగాడు. ఉన్నట్టుండి కాలి కింద రాయి లేదు. దబ్బున నీళ్ళలో పడి, రాళ్ళకు కొట్టుకొంటూ దొర్లి, ఒక మడుగులో తేలాడు. ఎడమ కాలు మెలిపడి భగ్గుమంటోంది. ముందు పద్యాలు చూసుకొన్నాడు. పదిహేడు, పద్దెనిమిది... పంతొమ్మిదోది లేదు!

"శివా, శివా!" కాలు విరిగినా ఇంత భయం వేయలేదు. మెడ లోతు చల్లటి నీళ్ళలో నిలబడి మొదటి పద్యం నుంచి మళ్ళీ ఎత్తుకొన్నాడు. పద్దెనిమిది దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి. మూడోసారి, వద్దనుకొంటూనే, తణికాచలం పాడిన తీరులో పాడాడు. ఆ చిన్న ఆగుడు, ఆ జారుడు. పంతొమ్మిదోది దానంతటదే నోట్లోకి వచ్చేసింది. అప్పుడు ఏడ్చాడు చెంగల్రాయుడు, ఆ చీకటి మడుగులో ఒంటరిగా, బిగ్గరగా.

మడుగు అవతల నీళ్ళ తెర వెనక నుంచి పచ్చటి వెలుతురు వస్తోంది. ఊపిరి బిగబట్టి దూకితే జలపాతం అతణ్ణి బయట గులకరాళ్ళ మీద పడేసింది. అక్కడ శవం కోసం వెతుకుతున్న ఈదన్న చేతిలోని తాడుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"బతికుండావా సామీ! తాడు తెగి పడిపోయినావని ఏడ్చినాడు ఆయన. అక్కకు కబురు చెప్పాలని పరిగెత్తినాడు." తాడు కొస ఎత్తి చూపించాడు. "నేనేమో పీనుగు కోసమొస్తే ఇది దొరికె. తెగలే సామీ. కత్తితో కోసినాడు." విల్లు చేతిలోకి తీసుకొన్నాడు. "వాని అడుగులింకా పచ్చిగుండాయి. పొద్దుగుంకేలోపల అందుకుంటా. ఒక్క మాట చెప్పు."

చెంగల్రాయుడు ఆ విల్లు మీద చేయి వేశాడు. "మునెమ్మ చేతి అన్నం తిన్నోడు ఈదన్నా. వద్దులే."

ఈదన్న విల్లును నేలకేసి కొట్టి, రాయి మీద చతికిలబడ్డాడు. "మా తాతల కాడి నుంచి బామ్మర్ది తాడొదిలింది లేదు. నేనే గదా వాని చేతికిస్తి. రేపు నా కొడుకు తేనెకు దిగేటప్పుడు నేనేం చెప్పాల?" ఇద్దరు ముసలివాళ్ళూ నీళ్ళ పక్కన పొద్దు వాలేదాకా అలాగే కూర్చున్నారు.

మెలిపడిన కాలుతో ఇల్లు చేరడానికి పన్నెండు రోజులు పట్టింది. గుమ్మంలో అడుగు పెట్టేసరికి మునెమ్మ బొట్టు లేకుండా గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. మొగుణ్ణి చూసి ముందు కేక పెట్టింది, తర్వాత పైన పడి తడిమి తడిమి చూసుకొంది. అతడు జరిగింది చెప్పాడు.

"నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చినాడయ్యా వాడు. నా బొట్టు తుడిచేటప్పుడు పక్కనే నిలబడినాడు," అంది. ఆ తర్వాత తమ్ముడి పేరు ఆ ఇంట్లో వినపడలేదు. రేకులు కరిగిపోయాయని, మద్రాసులో తణికాచలం పేరుతో నాటకాల కంపెనీ బోర్డు లేచిందని మాత్రం ఎవరో చెప్పిపోయారు.

పంగుని నెల వచ్చింది. పన్నెండో కాండ దొరికిందని తెలిసి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలాయి. తిరునడై పాడేవాళ్ళకు ఒక కట్టుబాటుంది. ఏ కాండ మొదలుపెట్టినా అది ఎవరి నోట విన్నారో ఆ మనిషి పేరు చెప్పి, చేతులు జోడించి, ఆ తర్వాతే గొంతెత్తాలి. పదకొండు రోజులూ చెంగల్రాయుడు దేశికర్ పేరు చెప్పాడు. పన్నెండో నాటి పొద్దున మునెమ్మ అడ్డంగా నిలబడింది.

"ఈపొద్దు కూడా దేశికర్ పేరే చెప్పు. ఎవరొచ్చి అడగతారు?"

"ఆయన వినకుండానే పోయినాడు గదే. ఆ మాట అడగతానే పోయినాడు."

"వాని పేరుకు నువ్వు దండం పెడితే నేను ఆ సభలో ఉండను."

గుడి మండపం కిక్కిరిసింది. దీపం వెలిగించారు. పీట మీద ఈసారి ఖాళీ ఆకు లేదు. చెంగల్రాయుడు కూర్చొన్నాడు. వెనకాల తాళం వేసేవాడి చోటు ఖాళీగా ఉంది. ఆడవాళ్ళ వరసలో కూర్చొన్న మునెమ్మ వైపు చూశాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకొన్నారు. చివరికి చేతులు జోడించి, "ఈ కాండ నేను మునెమ్మ తమ్ముడు తణికాచలం నోట విన్నాను," అన్నాడు.

మునెమ్మ లేచింది. జనం తప్పుకొని దారి ఇచ్చారు. ఆమె గుమ్మం దాకా వెళ్ళింది. అప్పుడే అతడు మొదటి పద్యం ఎత్తుకొన్నాడు. రెండో వరుసలో ఒక చిన్న ఆగుడు ఆగి, మూడో వరుస మీదికి జారాడు. మునెమ్మ ఠక్కున నిలబడిపోయింది. ఆ ఆగుడు ఆమెకు తెలుసు. నాలుగేళ్ళ పిల్లాడు తన చంకలో ఉండి పాడినప్పటి నుంచి తెలుసు. ఆమె వెనుదిరగలేదు, గడప కూడా దాటలేదు. ఇరవై నాలుగు పద్యాలూ అయ్యేదాకా స్తంభం పట్టుకొని, మొగుడి గొంతులో తమ్ముణ్ణి వింటూ అలాగే నిలబడింది.